ఉక్కు మీద గుండ్ల వాన

విరిగిన ఇనుప ముక్క చేతికొస్తే నేను ముందు చూసేది దాని విరుపు ముఖం. ఇరుసు కానివ్వండి, స్ప్రింగు కానివ్వండి, గేరు పన్ను కానివ్వండి, ఒక్క దెబ్బకు విరిగినదైతే ఆ ముఖమంతా ఒకేలా ఉంటుంది. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పగిలి, చివరికి విరిగినదైతే రెండు భాగాలుగా కనబడుతుంది. ఒక భాగం నున్నగా, కృష్ణలో నీరు తీసినకొద్దీ ఇసుక మీద మిగిలే గీతల్లాంటి వంపు గీతలతో ఉంటుంది. రెండోది గరుకు. అది ఆఖరి రోజున ఒక్కసారిగా తెగిన భాగం. ఆ వంపు గీతల వెంట వెనక్కి పోతే అవన్నీ ఒక చిన్న చుక్క దగ్గరకు చేరతాయి. ఆ చుక్క చాలావరకు పై పొరలోనే ఉంటుంది. ఒక తుప్పు గుంటో, లేతు మీద పడిన టూలు గీతో, సరిగా గుండ్రం చేయని మూలో అక్కడ దొరుకుతుంది.

నా ఉద్యోగ జీవితమంతా ఆ పై పొరతోనే గడిచింది. షాట్ పీనింగ్ చేసే షాపులో ఇన్‌స్పెక్టరుగా చేరి, ఆ పనిలోనే రిటైరయ్యాను. లోహపు భాగం మీద చిన్న చిన్న ఉక్కు గుండ్లను వేగంగా చిమ్మి, దాని పై పొరను నొక్కుడులో ఉంచే పని అది. బయటివాళ్లకు ఆ పేరే తెలియదు. ఇంజనీరింగ్ చదివే పిల్లలకు కూడా సూత్రం ఒక పేరాలో చెప్పి ముందుకు వెళ్లిపోతారు. ఆ పేరా వెనక వందేళ్లకు పైబడిన కథ ఉంది. అందులో చాలా భాగం షాపుల్లో చెమటోడ్చినవాళ్ల చూపు వల్ల నడిచింది. అది నాకు ముఖ్యం అనిపించి రాస్తున్నాను.

కథ రైలు ఇరుసుతో మొదలవుతుంది. 1842 మే 8, ఆదివారం. ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ పేరిట వెర్సాయ్ తోటల్లో వేడుకలు జరిగాయి. అవి చూసి పారిస్ తిరిగి వెళ్తున్న జనంతో రైలు కిక్కిరిసిపోయింది. ముందు రెండు ఇంజన్లు. మ్యూడాన్ దగ్గర మొదటి ఇంజన్ ఇరుసు విరిగింది. వెనక బోగీలు దాని మీదకెక్కాయి, నిప్పంటుకుంది. ఆ రోజుల్లో ప్రయాణికులను లోపల ఉంచి తలుపులకు బయట తాళం వేసేవారు. యాభై మందికి పైగా చనిపోయారు. అంటార్కిటికా తీరాన్ని చూసి వచ్చిన నావికుడు డ్యూమాన్ డ్యూర్‌విల్ భార్యతోనూ కొడుకుతోనూ అందులోనే పోయాడు. భూమి చివరిదాకా వెళ్లి క్షేమంగా తిరిగొచ్చిన మనిషిని ఊరి పక్క ఇరుసు పగులు చంపింది.

అప్పట్లో దీనికి ఒక వివరణ చెప్పుకునేవారు. మంచి ఇనుము నార నారగా ఉంటుంది, రైలు అదురుకు అది పలుకులు పలుకులుగా మారి పెళుసైపోతుంది అని. మరుసటి ఏడు, ఇంకా ఇరవైల్లో ఉన్న విలియం రాంకిన్ అనే స్కాట్లాండ్ ఇంజనీరు విరిగిన ఇరుసులను పరిశీలించి వేరే మాట చెప్పాడు. ఇనుము గుణం మారలేదు, ఇరుసు లావు తగ్గే మూల దగ్గర పై నుంచి పగులు మొదలై కొంచెం కొంచెంగా లోపలికి పాకింది అన్నాడు. ఆ మూలను పెద్ద వంపుగా చేయమని సలహా ఇచ్చాడు. విరుపు ముఖాన్ని ఓపిగ్గా చదివిన తొలి మనుషుల్లో ఆయన ఒకడు. నా వృత్తిలోవాళ్లకు ఆయన పెద్దదిక్కు.

తరువాత ప్రష్యాలో ఆగస్ట్ వోలర్ వచ్చాడు. ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్‌లోని రైల్వే వర్క్‌షాపులో ఇరుసులను వంచుతూ తిప్పే యంత్రాలు కట్టించి, ఏళ్ల తరబడి లక్షల సార్లు తిప్పించి, ఎంత బరువుకు ఎన్ని తిరుగుళ్లకు విరుగుతుందో లెక్క తీశాడు. 1870 నాటికి ఆయన ఫలితాలన్నీ అచ్చయ్యాయి. ఒక్కసారి మోస్తే చాలా తేలికనిపించే బరువైనా, మళ్లీ మళ్లీ పడితే ఉక్కు అలసిపోతుందని ప్రపంచం అప్పుడు నమ్మింది. ఎప్పుడు విరుగుతుందో వోలర్ చెప్పాడు. విరగకుండా చేయడానికి మాత్రం అప్పటికి తెలిసిన దారులు పాతవే. ఇంకా లావుగా చేయడం, మంచి ఉక్కు వాడటం, మూలలు గుండ్రం చేయడం, మెరుగు పట్టడం.

పై పొరను కొట్టి బాగు చేయవచ్చన్న ఆలోచన సుత్తి పట్టినవాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉంది. చల్లారిన ఇనుము మీద సన్నగా దెబ్బలు వేస్తే అంచు గట్టిపడుతుందని కమ్మరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. రాగి బిందె కొట్టే కంచరి, దెబ్బలకు రేకు బిర్రబిగిసిందని చేతికి తెలియగానే దాన్ని మళ్లీ కొలిమిలో పెడతాడు, లేకపోతే పగులుతుందని. లోహం లోపల బిగువు మిగిలిపోతుందనీ, ఆ బిగువు మంచీ చేస్తుంది, చెడూ చేస్తుందనీ వాళ్లకు తెలుసు. వాళ్ల దగ్గర లేనిది కొలత ఒక్కటే.

చెడు సంగతి కూడా చెప్పాలి. మన దేశంలోనే జరిగింది. బ్రిటిష్ సైన్యం ఇక్కడ తూటాల ఇత్తడి గొట్టాలను వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసేది. వానలు వెలిసి బయటకు తీసేసరికి వాటిలో ఎన్నో పగిలి ఉండేవి, ఎవరూ ముట్టుకోకుండానే. దీని కారణం 1921లో మూర్, బెకిన్‌సేల్, మల్లిన్‌సన్ అనే ముగ్గురు తేల్చారు. ఇత్తడిని గొట్టంగా లాగినప్పుడు లోహంలో లాగుడు మిగిలిపోయింది, గుర్రాల మూత్రం నుంచి లేచిన అమ్మోనియా ఆ లాగుడున్న చోట తినేసింది. గొట్టాలను కొద్దిగా కాచి ఆ బిగువు వదిలిస్తే పగుళ్లు ఆగాయి. బయటి బరువు ఏమీ లేకపోయినా లోపలి బిగువే లోహాన్ని చీల్చగలదని ఇంతకంటే బాగా చూపే ఉదాహరణ నాకు తెలియదు. అదే బిగువును తిరగేసి, లాగుడు బదులు నొక్కుడు నింపితే ఏమవుతుంది? మా పనంతా ఆ ప్రశ్నకు జవాబే.

ఆ జవాబు దగ్గరకు చాలామంది వేరే వేరే దారుల్లో వచ్చారు. ఫిలడెల్ఫియాలో బెంజమిన్ టిల్‌మన్ 1870లోనే ఇసుకను గాలితో, ఆవిరితో చిమ్మే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన ఉద్దేశం గాజునూ రాతినీ చెక్కడం, లోహాన్ని శుభ్రం చేయడం. మాంచెస్టర్‌లో ఎడ్వర్డ్ హెర్బర్ట్ 1927లో ఉక్కు మీద ఉక్కు గుండ్లను వానలా కురిపించే పద్ధతి ప్రకటించి దానికి కుంభవృష్టి అని పేరు పెట్టాడు. ఆయనకు కావలసింది గట్టిదనం. గుండ్లు కురిసిన ఉక్కు అలసటకు ఎక్కువ తట్టుకుంటుందా అని ఆయన వెతకలేదు. కావలసిన యంత్రం చేతిలో ఉంది, అడగవలసిన ప్రశ్న పక్కనుంచి పోయింది. చరిత్రలో ఇలాంటివి చూస్తే నాకు బాధగానే ఉంటుంది.

ఆ ప్రశ్న జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్‌లో ఒట్టో ఫొప్ల్ అడిగాడు. 1929 ప్రాంతాల్లో ఆయన, ఆయన శిష్యులు నున్నటి రోలర్లతో ఇరుసుల పై పొరను గట్టిగా ఒత్తి, వాటి అలసట బలం పెరగడం చూపించారు. అమెరికాలో టిమ్‌కెన్ బేరింగుల కంపెనీలో హార్గర్ 1930లలో అదే రోలర్ పనిని రైలు ఇరుసుల మీదకు తెచ్చాడు. చక్రం బిగించిన చోట ఇరుసు రాపిడికి పగలడం రైల్వేలకు పాత తలనొప్పి. నేటికీ కారు ఇంజన్ల క్రాంక్ షాఫ్టుల మూలలను రోలర్లతో ఒత్తడం మామూలే. ఈ బలం ఎక్కడినుంచి వచ్చింది, పొర గట్టిపడటం వల్లనా, అందులో మిగిలిన నొక్కుడు వల్లనా అని అప్పట్లో పెద్ద వాదమే నడిచింది. రెండూ ఉన్నాయి, కాని అధిక బలం గల ఉక్కులో నొక్కుడుదే పైచేయి.

ఇక్కడ కథ డెట్రాయిట్ వైపు మళ్లుతుంది. కారు ఇంజన్‌లో వాల్వ్ స్ప్రింగ్ నిమిషానికి వందలు, వేల సార్లు అణిగి లేవాలి. కాల్చి చల్లార్చిన స్ప్రింగుల మీద నల్లటి పెచ్చు ఉంటుంది. దాన్ని వదిలించడానికి గుండ్లు చిమ్మి శుభ్రం చేసేవారు. అలా శుభ్రమైన స్ప్రింగులు మిగతావాటికంటే చాలాకాలం విరగకుండా నిలుస్తున్నాయని షాపుల్లో గమనించారు. మొదట ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. శుభ్రం చేయడం వల్ల బలం ఎలా వస్తుంది? గుంటలు పడిన పై పొర బలహీనపడాలి కదా, మెరుగుపట్టినదే మేలు కదా అని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. అసోసియేటెడ్ స్ప్రింగ్ కంపెనీలో జిమ్మర్లి అనే ఇంజనీరు ఈ సంగతిని పట్టుకుని పరీక్షలు చేసి 1940లో వివరంగా రాశాడు. మెరుగు పట్టిన దానికంటే సన్న గుంటలు పడిన స్ప్రింగే ఎక్కువకాలం బతుకుతుందని అంకెలతో చూపించాడు.

కారణం చెప్పడం కష్టమేమీ కాదు. గుండు తగిలిన చోట ఉక్కు చిన్న గుంటగా అణుగుతుంది. అణిగిన లోహం పక్కలకు సాగాలని చూస్తుంది. కింద ఉన్న లోహం సాగలేదు కాబట్టి దాన్ని సాగనీయదు. గుంట పక్కన గుంట, గుంట మీద గుంట పడి చోటు ఖాళీ లేకుండా నిండేసరికి పై పొరంతా నొక్కుడులో ఇరుక్కుపోతుంది. లోపలి లోహం దానికి సరిపడా కొద్ది లాగుడును పంచుకుంటుంది. ఆ నొక్కుడు పొర మందం మామూలుగా మిల్లీమీటరులో పదో వంతు నుంచి సగం దాకా. అంతే. కాని పగులు పుట్టేది అక్కడే, పాకాలంటే దానికి లాగుడు కావాలి. బయటినుంచి వచ్చే లాగుడు ముందు ఈ నొక్కుడు అంతటినీ కొట్టివేస్తే తప్ప పగులు నోరు తెరవదు.

దీన్ని పనివాడి అదృష్టం మీద వదిలేయకుండా కొలతలోకి తెచ్చినవాడు జాన్ ఆల్మెన్, జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో ఇంజనీరు. సన్నటి రేకు మీద ఒకవైపే గుండ్లు కొడితే అది దెబ్బ తిన్న వైపు ఉబ్బుతూ వంగుతుంది. ఈ వంపు పనివాళ్లకు ఒక చికాకు. ఆల్మెన్ దాన్నే కొలబద్ద చేశాడు. స్ప్రింగు ఉక్కుతో ఒకే కొలతకు చేసిన పట్టీ, పొడవు 76 మిల్లీమీటర్లు, వెడల్పు 19. మందాన్ని బట్టి మూడు రకాలు: ఎన్ 0.79 మిల్లీమీటర్లు, ఏ 1.29, సి 2.39. ఆ పట్టీని గట్టి దిమ్మ మీద నాలుగు మరలతో బిగించి, అసలు భాగం ఎక్కడుంటుందో అక్కడ పెట్టి గుండ్లు కొట్టాలి. మరలు విప్పగానే పట్టీ విల్లులా వంగుతుంది. ఆ వంపు ఎత్తును గేజి మీద చదవాలి. ఈ పద్ధతికి 1944లో ఆయనకు పేటెంటు వచ్చింది. యుద్ధకాలంలో విమానాల ఇంజన్ భాగాలకు, ఉక్కు ఎంత విలువైనదో అందరికీ తెలిసిన ఆ రోజుల్లో, ఇది ఎంతో పనికొచ్చింది.

నేను రోజూ చేసిన పని ఇదే కాబట్టి ఇంకొంచెం చెబుతాను. ఒక పట్టీతో ఏమీ తేలదు. ఒకే అమరికలో కొన్ని పట్టీలను తక్కువసేపు, కొన్నిటిని ఎక్కువసేపు కొట్టి, సమయం ఒక పక్క, వంపు ఎత్తు ఒక పక్క పెట్టి గీత గీయాలి. గీత మొదట నిటారుగా లేస్తుంది, తరువాత వాలుతుంది. సమయం రెట్టింపు చేసినా వంపు పది శాతానికి మించి పెరగని చోటును పట్టుకోవాలి. అక్కడి వంపు ఎత్తే ఆ గుండ్ల దెబ్బకు తీవ్రత. ఆ తరువాత భాగాన్ని భూతద్దం కింద పెట్టి ఎక్కడైనా దెబ్బ తగలని నున్నటి మచ్చ మిగిలిందేమో చూడాలి. గుండ్లనూ చూడాలి. తిరిగి తిరిగి పగిలిన గుండ్లకు పదునైన అంచులుంటాయి, అవి నొక్కుడు ఇవ్వడం మాని గీతలు పెడతాయి. జల్లెడ పట్టి వాటిని తీసిపారేయాలి. ఈ జల్లెడ పని విసుగ్గా ఉంటుంది, అందుకే ముందుగా ఎగ్గొట్టేది దాన్నే.

ఈ పనిలో నన్ను ఎప్పుడూ కలవరపెట్టిన సంగతి ఒకటుంది. గుండ్ల దెబ్బ సరిగా తిన్న భాగం, అరకొరగా తిన్న భాగం బల్ల మీద పక్కపక్కన పెడితే రెండూ ఒకే బూడిద రంగులో, ఒకే గరుకుతో ఉంటాయి. కొలతబద్దకు దొరకదు, కంటికి తెలియదు. ఎక్స్‌రేతో లోహంలోని పరమాణు పొరల మధ్య దూరం కొలిచి లోపలి నొక్కుడును చదవవచ్చు, కాని ప్రతి ముక్కకూ అలా చేయలేం. అందుకని భాగం బదులు పట్టీ సాక్ష్యం చెబుతుంది. ఒక కర్మాగారం నుంచి మాకు వచ్చిన రికార్డుల్లో నెలల తరబడి వంపు ఎత్తులన్నీ చివరి అంకె దాకా ఒకేలా ఉండటం చూశాను. గాలి ఒత్తిడి కాస్త మారినా, గుండ్లు కాస్త అరిగినా ఆ అంకె కదులుతుంది. అసలు కదలని అంకె అంటే పట్టీ కొట్టకుండా రాసిన అంకె. ఆ సరుకంతా వెనక్కి పంపించాం. ఆ రాత్రి ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు. అలాంటివి మా కంటపడకుండా ఎక్కడెక్కడి బండ్లలో తిరుగుతున్నాయో అన్న ఆలోచన వదల్లేదు.

యుద్ధం తరువాత ఈ విద్య త్వరగా పాకింది. 1946లో అమెరికాలో ఇదే పనిగా మెటల్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ పుట్టింది. లాక్‌హీడ్ వాళ్లు పట్టీ వంగే గుణాన్నే వాడుకుని, అచ్చు లేకుండా, ప్రెస్సు లేకుండా, గుండ్లు చిమ్మి కాన్‌స్టలేషన్ విమానాల రెక్క రేకులకు వంపు తెచ్చారు. 1963లో ఆల్మెన్, పాల్ బ్లాక్‌తో కలిసి లోహాల్లో మిగిలే బిగువుల మీదా, అలసట మీదా పుస్తకం వేశాడు. 1981లో ఈ ఒక్క విద్య కోసం మొదటి అంతర్జాతీయ సదస్సు పారిస్‌లో జరిగింది.

గుండ్ల బదులు లేజర్ వచ్చిన కథ ఇంకా ఆసక్తికరం. 1970లలో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లోని బాటెల్ పరిశోధనశాలలో, లోహం మీద పలచటి నీటి పొర పారిస్తూ చాలా తక్కువసేపు లేజర్ దెబ్బ కొట్టి చూశారు. పై పూత ఆవిరై పేలుతుంది, నీటి పొర ఆ పేలుడును బయటకు పోనీయదు, అది అలగా మారి లోహంలోకి దూసుకుపోతుంది. నొక్కుడు పొర మిల్లీమీటరు లోతుకు, కొన్నిచోట్ల ఇంకా లోతుకు దిగుతుంది. యంత్రాలు మరీ పెద్దవి, ఖరీదైనవి కావడంతో ఇరవై ఏళ్ల దాకా పరిశోధనశాల దాటలేదు. 1990లలో అమెరికా వైమానిక దళం బి-1బి బాంబర్ల ఇంజన్లలో టైటానియం ఫ్యాన్ బ్లేడ్లు విరగడం మొదలైంది. రన్‌వే మీది చిన్న రాయి లోపలికి పోయి బ్లేడు అంచుకు నొక్కు పెడితే, అక్కడినుంచి పగులు పాకేది. మెకానిక్కులు ప్రతి ప్రయాణానికి ముందు బ్లేడు అంచుల మీద దూది రాసి, పోగు ఎక్కడ చిక్కుకుంటుందో చూసి నొక్కులు వెతికేవారు. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు బ్లేడు అంచులకు లేజర్ దెబ్బలు కొట్టించారు. నొక్కు పడిన బ్లేడు కూడా దాదాపు కొత్త బ్లేడులాగే తట్టుకుంది. దూదితో తడిమిన ఆ మెకానిక్కుల చేతులంటే నాకు గౌరవం. పగులు పుట్టే చోటు ఎక్కడో ఆ చేతులకు ఖచ్చితంగా తెలుసు.

ఇంత దూరం చెప్పి మన రోడ్ల మీది సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీల కమాన్ కట్టలు కట్టేవాడు. చదువుకోలేదు. కాని కట్టలోని ఏ పట్టీ పై ముఖం మీద సుత్తి మొన తగిలినా ఊరుకునేవాడు కాదు. "ఒరేయ్, కింద ఎంత గీత పడ్డా మోస్తుంది. పైన గోటి గీత పడ్డా మోయదు," అనేవాడు. ఆయన మాట నిజమని నేను ఉద్యోగంలో చేరాక తెలిసింది. బరువు పడి కట్ట నిటారయ్యేటప్పుడు పట్టీ పై ముఖం లాగుడులోకి, కింది ముఖం నొక్కుడులోకి పోతాయి. పగులు పుట్టేది పైనే. అందుకే మంచి కర్మాగారాల్లో పట్టీని బరువు పడే వైపుకు ముందే వంచి పట్టుకుని, ఆ పై ముఖం మీద గుండ్లు కొడతారు. వదిలాక మిగిలే నొక్కుడు మామూలుగా కొట్టినదానికంటే ఎక్కువ.

ఈ నొక్కుడు వేడికి నిలవదు. ఉక్కు వేడి సుమారు 250 డిగ్రీలు దాటితే అది సడలిపోవడం మొదలవుతుంది. పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి వంపు దిద్దితే ఏమీ మిగలదు. బ్రాకెట్ అతికించడానికి వెల్డింగ్ చుక్క పెడితే ఆ చుట్టుపక్కల నొక్కుడు పోయి, పైగా లాగుడు చేరుతుంది. తుప్పు తీయాలని గ్రైండర్ పెడితే గుండ్లు కష్టపడి ఇచ్చిన పొరే పోతుంది, పట్టీ ఖరీదంతా ఆ సన్నటి పొరలోనే ఉంది.

లారీలు, బస్సులు నడిపించే యజమానులకూ, స్కూలు బస్సుల బాధ్యత చూసేవారికీ, ఆటోనగర్ నుంచి పల్లె గ్యారేజీ దాకా కమాన్ పని చేసే తమ్ముళ్లకూ నా విన్నపం ఒక్కటే. పట్టీ పై ముఖం మీద వెల్డింగ్ పెట్టకండి, గ్రైండర్ ఆడించకండి. కాల్చి వంపు తెచ్చిన పాత పట్టీని కొత్తదాని ధరకు కొనకండి. కొత్త పట్టీ కొనేటప్పుడు గుండ్లు కొట్టించారా, కొట్టిస్తే ఆ రోజు పరీక్ష పట్టీ అంకె ఎంత అని అడగండి. అడిగేవాళ్లుంటే రాసేవాళ్లు నిజం రాస్తారు.